గొంతెమ్మ కోరికలకు మర్యాదైన జవాబు

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు రోజు కిరాయికి ఇల్లిచ్చేవాళ్లలో చాలామంది హోటల్ పెడదామని ఇల్లు కట్టినవాళ్లు కారు. దుబాయిలోనో మస్కట్‌లోనో ఏళ్ల తరబడి కష్టపడిన డబ్బుతో కింద అమ్మానాన్నలకు, పైన తమకు అని రెండంతస్తులు వేశారు. తాము అక్కడే ఉండిపోయారు. పై పోర్షన్‌కు తాళం పడింది. పెండ్లిళ్ల సీజన్‌లో ఎవరో రెండు రోజులకు అడిగితే ఇచ్చారు, నాలుగు డబ్బులు కనపడ్డాయి. తర్వాత ఇంట్లో చదువుకున్న పిల్లాడెవరో ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాడు. వ్యాపారం మొదలైపోయింది.

హోటల్‌లో అయితే రిసెప్షన్ ఉంటుంది, రాత్రి డ్యూటీకి మనిషి ఉంటాడు, మాట పడడానికి మేనేజర్ ఉంటాడు. ఇక్కడ ఫోన్ ఎత్తేది అత్తమ్మ, మెట్లెక్కి బకెట్ అందించేది మామయ్య. అతిథి నోట్లోంచి వచ్చిన ప్రతి కోరికా నేరుగా వంటింట్లోకి వచ్చి పడుతుంది. "రాత్రి పన్నెండుకు ఇడ్లీ దొరుకుతదా?" "ఇంకో ఎనిమిది మంది వస్తున్నరు, పరుపులు పంపియ్యండి." "పొద్దున నాలుగింటికే దిగుతం, గది ఖాళీ చేయించి పెట్టుండ్రి." ఇలాంటివి వినీ వినీ విసిగిపోయి "ఈ కిరాయిలూ వద్దు, ఈ గోలా వద్దు" అని మళ్లీ తాళం వేసుకున్న ఇళ్లున్నాయి.

నిజానికి వాళ్లను అలసటకు గురిచేసింది కోరికలు కావు. ప్రతి కోరికకూ అప్పటికప్పుడు, గుమ్మంలో నిలబడి, ఎదుటి మనిషి మొహం చూస్తూ జవాబు వెతుక్కోవడం. మొహమాటం పడితే ఒప్పుకుంటాం, చిరాకుగా ఉంటే కాదంటాం. నిన్న ఒకరికి ఇచ్చింది ఇవాళ ఇంకొకరికి ఇవ్వం. అప్పుడు గొడవ తప్పదు. ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే: జవాబు అతిథి రాకముందే సిద్ధంగా ఉండాలి. అడిగినప్పుడు మనం నిర్ణయించకూడదు, నిర్ణయించినదాన్ని మర్యాదగా చెప్పాలి.

అడిగిన వస్తువు వేరు, అవసరం వేరు

మన వైపు దిగేవాళ్లెవరో ఒకసారి చూడండి. ముహూర్తాల రోజుల్లో పెండ్లివాళ్లు. సెలవుల్లో గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చినవాళ్లు. వానాకాలంలో పోచారం అలుగు పారుతున్నదని, నిజాంసాగర్ గేట్లెత్తారని బైకుల మీద వచ్చే కుర్రకారు. దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చాక కోట చూద్దామని, దారిలో లింగంపేట నాగన్న బావి దగ్గర ఆగుదామని వచ్చే కుటుంబాలు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయినప్పటి నుంచి కలెక్టరేట్ పనుల మీద, పరీక్షల మీద, బదిలీల మీద వచ్చేవాళ్లు. ఒక్కొక్కరి కోరిక వెనుక ఒక్కో ఒత్తిడి ఉంటుంది.

రాత్రి పదకొండింటికి పది పరుపులు అడిగే పెండ్లికూతురి తండ్రిని తీసుకోండి. ఆయన మిమ్మల్ని సతాయించాలని ఫోన్ చేయలేదు. మగపెండ్లివాళ్ల బస్సులో చెప్పినదానికంటే ఎక్కువ మంది దిగారు. వియ్యాలవారి ముందు తల వంచుకోవలసి వస్తుందని ఆయన భయం. ఆ భయం గొంతులోకి వచ్చి ఆజ్ఞలా వినిపిస్తుంది. "ముందే చెప్పొద్దా?" అని మీరు ఎదురు తిరిగితే మాటకు మాట పెరుగుతుంది, పరుపుల సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

కాబట్టి మొదట ఒకే ఒక్క ప్రశ్న అలవాటు చేసుకోండి: "దేనికోసమో చెప్తరా సార్, ఏం చెయ్యగలుగుతమో చూస్తం." ఈ ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు కోరికను చిన్నది చేస్తుంది. ఒక పెద్దాయన గదిలోకి వేరే ఫ్రిజ్ కావాలని పట్టుబట్టాడనుకోండి. వినడానికి గొంతెమ్మ కోరికే. ఎందుకని అడిగితే ఇన్సులిన్ అని తేలుతుంది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మీ ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు దూరంగా ఒక అర ఖాళీ చేసి, డబ్బా మీద ఆయన పేరు రాసి పెడితే పని అయిపోయింది. ఆయన అడిగింది ఫ్రిజ్, ఆయనకు కావలసింది ఒక అర. మే నెల ఎండల్లో మందు పాడవుతుందేమోనన్న బెంగ తీరితే ఆయన మిగతా రెండు రోజులూ ఇంకేమీ అడగడు.

బాకీ, మర్యాద, బేరం, గీత

అవసరం తెలిశాక కోరికను నాలుగింటిలో ఏదో ఒక దాంట్లో వేయండి.

బాకీ అంటే మనం ఇస్తామని ముందే ఒప్పుకున్నది. యాప్‌లో ఏసీ అని రాశారు, వేడినీళ్లు అని రాశారు, కారు పెట్టుకునే జాగా ఉందని రాశారు. అవి లేకపోతే అతిథి అడగడం కోరిక కాదు, వసూలు. అక్కడ "ఏం చేస్తం సార్, కరెంటు లేదు" అనడం చెల్లదు. అందుకే రాసేటప్పుడే ఉన్నది ఉన్నట్టు రాయండి: "కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయి, ఏసీ నడవదు." "ఎండాకాలంలో బోరు నీళ్లు పొద్దున, సాయంత్రం ట్యాంకుకు ఎక్కిస్తాం." ఇది చదివి వద్దనుకునేవాళ్లు రాకపోతేనే మంచిది. చదివి వచ్చినవాళ్లు రాత్రి కరెంటు పోయినప్పుడు మీకు ఫోన్ చేయరు.

బాకీ తీర్చడంలో ఇంకో చిక్కుంది. ఓనర్ షార్జాలో ఉంటాడు, తాళాలు బావమరిది దగ్గర ఉంటాయి. గీజర్ పోయింది. బావమరిది ఓనర్‌కు ఫోన్ చేస్తాడు, ఓనర్ డ్యూటీలో ఉండి ఎత్తడు, అతిథి చన్నీళ్లు చూసి మండిపడతాడు. రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో ఒక పద్ధతి ఉంది. అతిథికి వచ్చిన ఇబ్బంది తీర్చడానికి మామూలు ఉద్యోగి కూడా పై అధికారిని అడగకుండా 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టవచ్చు. అంత సొమ్ము మనకు అక్కర్లేదు, కానీ ఆ ఆలోచన కావాలి. తాళం ఎవరి దగ్గర ఉంటే నిర్ణయం వాళ్ల దగ్గరే ఉండాలి. "వెయ్యి రూపాయల దాకా నువ్వే చూసుకో, తర్వాత లెక్క చెప్పు" అని ఒక్కసారి చెప్పి పెట్టండి. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా గ్యాస్ మీద కాగబెట్టిన రెండు బకెట్ల నీళ్లు పైకి వెళ్తాయి. అతిథి గుర్తుంచుకునేది ఆ వేగాన్నే.

మర్యాద అంటే బాకీ లేకపోయినా ఇష్టంతో చేసేది. దిగగానే చాయ్, ఇంకో చద్దరు, పసిపిల్లకు పాలు కాచుకోవడానికి గిన్నె, తర్వాత ఎవరూ రాకపోతే గది ఖాళీ చేయడానికి ఒక గంట అదనం. దీనికి రెండు నియమాలు చాలు. అడగకముందే చేయండి, ఎందుకంటే అడిగాక చేస్తే అది మన మర్యాదగా కాక అతిథి గెలుపుగా లెక్కకొస్తుంది. చేసేటప్పుడే హద్దు కూడా చెప్పండి: "ఇవాళ ఎవరు వస్తలేరు గాబట్టి పన్నెండు దాకా ఉండుండ్రి సార్. మామూలుగా పదకొండుకే ఖాళీ చేస్తరు." హద్దు చెప్పని మర్యాద వచ్చేసారికి హక్కవుతుంది.

బేరం అంటే చేయగలం గానీ ఖర్చు, శ్రమ ఉన్నది. అదనపు మనుషులు, అదనపు పరుపులు, తెల్లవారుజామున దిగడం, ఇంటి వంట, నిజాంసాగర్‌కో మెదక్ చర్చికో కారు. ఎవరో సినిమాలో చూసినట్టు "ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ నాటుకోడి కూర తెప్పియ్యండి" అంటారు. తెప్పించవచ్చు. కారుకు ఇంత, కోడికి ఇంత, ఇంత టైం పడుతుంది అని చెప్పండి. అంత దూరం ఎందుకనిపిస్తే మీ ఇంట్లోనే నాటుకోడి, జొన్నరొట్టె చేసి పెడతామనండి, దాని ధర వేరే చెప్పండి.

మన దగ్గర పెద్ద అడ్డంకి ఇక్కడే వస్తుంది. ఇంటికొచ్చిన మనిషితో డబ్బు మాట ఎత్తడానికి నోరు రాదు. ఎత్తకుండా చేసి, వెళ్లేటప్పుడు బిల్లులో కలుపుతాం. అతిథి కోపం సరిగ్గా అక్కడే పుడుతుంది. ముందు చెప్పిన మూడు వందలు ఎవరికీ బరువనిపించదు, చివర్లో చెప్పిన వంద రూపాయలు మోసంలా కనిపిస్తుంది. అందుకని ధరల కాగితం ఒకటి రాసి తలుపు వెనక అంటించండి, అదే ఫోన్‌లో కూడా పంపండి. పరుపు ఒక్కరోజుకు ఇంత, ఏడో మనిషి నుంచి తలకు ఇంత, తెల్లవారుజామున దిగితే ఇంత, ఉప్మా ఇంత, భోజనం ఇంత. కాగితం మీద ఉన్న ధరకు మీరు మొహమాటపడే పని లేదు, వేలు చూపిస్తే చాలు.

సీజన్ ధర కూడా ఇలాగే. 2023 శాసనసభ ఎన్నికల్లో కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ కామారెడ్డి బరిలో దిగినప్పుడు దేశంలో ఎక్కడెక్కడి విలేకరులో, కార్యకర్తలో ఊళ్లోకి వచ్చారు. అలాంటప్పుడు, మంచి ముహూర్తాలప్పుడు కిరాయి పెంచడం తప్పేమీ కాదు. కానీ బుకింగ్‌కు ముందు పెంచాలి. ఒకసారి మాట అయిపోయాక "ఇప్పుడు గిరాకీ ఎక్కువుంది, ఇంకో రెండు వేలియ్యండి" అంటే గొంతెమ్మ కోరిక కోరినవాళ్లం మనమే అవుతాం.

గీత అంటే ఎంత డబ్బిచ్చినా, ఎవరు చెప్పినా చేయనిది. ఇది చిన్నదిగా ఉండాలి, గట్టిగా ఉండాలి. మన వైపు ఇంటికి ఈ ఐదూ సరిపోతాయి.

ఒకటి, గుర్తింపు కార్డు లేకుండా తాళం ఇవ్వడం. "ఆధార్ ఇయ్యను" అనేవాళ్లకు దారి చూపండి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు ఏదైనా ఇవ్వవచ్చు. కార్డు ఏదన్నది వాళ్ల ఇష్టం, అసలు లేకుండా మాత్రం కుదరదు. విదేశీ పౌరులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపడం ఇంటి యజమాని బాధ్యత. "రెండు రోజులకు అదంతా ఎందుకు?" అని అడిగినా ఇందులో బేరం లేదు.

రెండు, రాత్రి పది తర్వాత డీజే, సౌండ్ బాక్సులు. శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరం నుంచే రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. అతిథి రేపు వెళ్లిపోతాడు, పక్కింటివాళ్లతో మీరు ఎల్లకాలం బతకాలి.

మూడు, ఒప్పుకున్న సంఖ్య దాటిన మనుషులు రాత్రి ఉండడం. పైన ఆరుగురికి ఏర్పాటుంటే, ధర కట్టినా ఎనిమిది దాటకూడదని మీరే ఒక అంకె పెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, ఒకే మెట్ల దారి తట్టుకోగల అంకె అది.

నాలుగు, కల్లు, మందు మీ చేతి మీదుగా తెప్పించడం. పట్నం నుంచి వచ్చినవాళ్లు "ఇక్కడి కల్లు రుచి చూపియ్యండి" అని సరదాగా అడుగుతారు. 2025 ఏప్రిల్‌లో ఇదే జిల్లాలో నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. ఏ సీసాలో ఏం కలిసిందో మీరు చెప్పలేరు, అందుకే మీ చేతితో అందించకండి.

ఐదు, ప్రాణం మీదికొచ్చే సరదాలు. అలుగు మీద సెల్ఫీలు, నిజాంసాగర్‌లో ఈత, పోచారం అభయారణ్యంలో రాత్రి నిప్పు వేసుకుని కూర్చోవడం. "మీకు తెలిసినోళ్లు ఉంటరు గదా, ఏర్పాటు చెయ్యండి" అంటారు. చేయకండి. అలుగును సురక్షితంగా ఎక్కడ నిలబడి చూడవచ్చో చెప్పండి, పొద్దున ఎన్నింటికి వెళ్తే జనం తక్కువో చెప్పండి.

కాదనే మాట ఎలా ఉండాలి

మన వాళ్లు కాదనడానికి బదులు సాకు చెప్తారు. "మా ఆయన ఊళ్లో లేడు సార్, ఆయనకు తెలిస్తే కోప్పడ్తడు." సాకు చెప్పారంటే అతిథికి పని అప్పజెప్పినట్టే. "ఆయన నంబర్ ఇయ్యండి, నేను మాట్లాడ్త" అంటాడు. పరుపులు లేవంటే ఎక్కడినుంచో తెస్తానంటాడు. మనిషి లేడంటే మనిషిని పంపిస్తానంటాడు. ప్రతి సాకుకూ పరిష్కారం ఉంటుంది, ఇంటి పద్ధతికి ఉండదు.

కాదనే మాటలో మూడు భాగాలు ఉంచండి. విన్నామని చెప్పడం, పద్ధతి చెప్పడం, చేయగలిగింది చెప్పడం. పద్ధతిలో "మీరు" అనే మాట రానివ్వకండి. "మీరు లొల్లి చేస్తరు" అంటే మనిషి మీద నింద. "ఇక్కడ పది దాటినంక పాటలు పెట్టరు" అంటే ఇంటి సంగతి.

ఎల్లారెడ్డిలో ఒక సాయంత్రం ఇలా నడిచిందనుకోండి.

"అన్నా, బర్త్ డే ఉన్నది. పైన డాబా మీద సౌండ్ బాక్స్ పెట్టుకుంటం. పన్నెండుకు కేక్ కోసి బంద్ చేస్తం, గంతే."

"పుట్టినరోజా తమ్మీ, మంచిది. డాబా మీద కూసోండి, లైట్ వేస్త, కుర్చీలు పంపిస్త. బాక్స్ మాత్రం పదింటికి బంద్. పన్నెండుకు కేక్ కోసుకోండి, చప్పట్లు కొట్టుకోండి, పాటలు లేకుండ."

"అరే అన్నా, ఒక్క రోజుకే గదా. ఎక్స్‌ట్రా ఇస్తం."

"పైసల సంగతి కాదు తమ్మీ. ఎవరికైనా పదింటి దాకే. కేక్‌కు ఫ్రిజ్‌ల జాగ ఉంచిన, ఎప్పుడు కావాల్నంటే అప్పుడు తీసుకోండి."

రెండోసారి అడిగినప్పుడు కొత్త కారణం వెతకలేదని గమనించండి. అదే మాట, అదే గొంతు, పక్కన ఇంకో సౌకర్యం. మూడోసారి అడిగితే కూడా అంతే. గొంతు పెంచితే పద్ధతి కాస్తా పంతంగా మారుతుంది.

పిలుపు కూడా పని చేస్తుంది. కుర్రాణ్ని "తమ్మీ" అంటే చెప్పే మాటకు చనువుంటుంది. పెండ్లి పెద్దను "బావగారూ" అని వరస కలపకండి, "సార్" అనో "పెద్దాయనా" అనో అనండి. వరస కలిస్తే బేరం మాట ఎత్తడం కష్టం.

"మనోడే, జర చూస్కో"

చిన్న ఊళ్లో కోరిక తిన్నగా రాదు, సిఫారసు మీద వస్తుంది. వార్డు లీడర్ ఫోన్ చేస్తాడు, మేనమామ ఫోన్ చేస్తాడు, పిల్లల స్కూల్ సార్ ఫోన్ చేస్తాడు. "మనోడే, జర చూస్కో." ఆ మాటలో కిరాయి తగ్గించడం, సమయం చూడకపోవడం, కార్డు అడగకపోవడం అన్నీ కలిసి ఉంటాయి.

దీనికి మందు ఒకటుంది. కిరాయిలో తగ్గండి, పద్ధతిలో తగ్గకండి. సిఫారసు వాళ్లకు ఇంత తగ్గిస్తామని మనసులో ఒక అంకె ముందే పెట్టుకోండి. అడగంగానే అది ఇచ్చేయండి, సిఫారసు చేసినాయన మాట నిలబడుతుంది. అదే ఊపులో పద్ధతిని ఆయన నోటితోనే చెప్పించండి: "మీరు చెప్పినంక కాదంటనా అన్నా? కిరాయిల తగ్గిస్త. మందు, డీజే మాత్రం ఎవ్వరికి లేదు. ఒక మాట మీరే చెప్పుండ్రి ఆయనకు, మీరు చెప్తే వింటడు." ఇప్పుడు ఆ అతిథి హద్దు మీరితే పోయేది సిఫారసు చేసినాయన పరువు. మీకు కాపలాదారు దొరికినట్టే.

ఎల్లారెడ్డి ఎక్కడ?

కోరికల్లో సగం, అతిథి దారి తప్పి చిరాకుగా దిగినందువల్ల పుడతాయి. ఎల్లారెడ్డి ఓనర్లకు ఇది మరీ ఎక్కువ. హైదరాబాద్‌లో ఎల్లారెడ్డిగూడ ఉంది. సిరిసిల్ల వైపు ఎల్లారెడ్డిపేట ఉంది. ఇదే జిల్లాలో జాతీయ రహదారి వైపు సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి ఉంది. ఫోన్‌లో ఎల్లారెడ్డి అని కొట్టి, వచ్చిన మొదటి పేరు నొక్కి బయల్దేరిన కుటుంబం చీకటి పడ్డాక మీకు ఫోన్ చేస్తుంది. "మీ అడ్రస్ సరిగ లేదు, డబ్బులు వాపస్ ఇయ్యండి" అంటుంది.

బుకింగ్ అయిన నిమిషంలోనే మ్యాప్ పిన్ పంపండి. దానితో పాటు మాటల్లో రాయండి: "కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి మెదక్ మీదుగా కూడా రావచ్చు. అడ్లూర్ ఎల్లారెడ్డి వేరు, అటు వెళ్లకండి." బయల్దేరే రోజు పొద్దున ఒకసారి ఫోన్ చేసి ఎటు నుంచి వస్తున్నారో కనుక్కోండి. ఆ రెండు నిమిషాల ఫోన్ రాత్రి గంటసేపు వాదనను తప్పిస్తుంది.

రేటింగ్ బెదిరింపు

"ఒక రోజు కిరాయి వాపస్ ఇయ్యకపోతే ఒక్క స్టార్ ఇస్త" అనేవాళ్లు తగులుతారు. ఎయిర్‌బీఎన్‌బీలో సూపర్‌హోస్ట్ గుర్తింపుకు సగటు రేటింగ్ 4.8 ఉండాలి కాబట్టి కొత్త ఓనర్లు ఈ మాటకు వణికిపోతారు. వణకనక్కర్లేదు. డబ్బు కోసమో అదనపు సౌకర్యం కోసమో రేటింగ్‌తో బెదిరించడం ఆ సంస్థ నియమాలకే విరుద్ధం. అలాంటి మాట ఫోన్‌లో వస్తే "అదే మెసేజ్‌లో పెట్టండి సార్, చూసి జవాబిస్త" అనండి. సంభాషణంతా యాప్ మెసేజ్‌లోనే ఉంచండి. సామాను పాడుచేసి వెళ్తే ఫొటోలు తీసి, ఖాళీ చేసిన 14 రోజుల్లోపు పరిహారం అడగండి.

అయితే ముందు నిజాయితీగా ఒకటి చూసుకోండి. అతిథి అడుగుతున్నది బాకీనా? గీజర్ రెండు రోజులు నడవకపోతే ఒక రోజు కిరాయి వెనక్కివ్వడం న్యాయమే, బెదిరించకముందే ఇవ్వాలి. ఇంట్లో దాచిన కెమెరా ఉందని గొడవ చేస్తే అది గొడవ కాదు. 2024 ఏప్రిల్ 30 నుంచి ఆ యాప్‌లో ఉన్న ఇళ్ల లోపల కెమెరాలను సంస్థే నిషేధించింది. గేటు దగ్గర ఉన్న కెమెరా సంగతి కూడా ముందే రాయాలి.

చెడ్డ రివ్యూ వస్తే ఆ రాత్రే జవాబు రాయకండి. తెల్లారాక మూడు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఏం చేశాం, ఇప్పుడు ఏం మార్చాం. మీ జవాబు చదివేది ఆ అతిథి కాదు, రాబోయే అతిథి.

వరద రోజున లెక్క మారుతుంది

2025 ఆగస్టు 27, వినాయక చవితి. కామారెడ్డి జిల్లాలో ఎన్నడూ లేనంత వాన కురిసింది. పట్టణంలో కాలనీలు మునిగాయి, 44వ నంబరు జాతీయ రహదారి మీద బండ్లు నిలిచిపోయాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు రద్దయ్యాయి. వందేళ్లు దాటిన పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొర్లింది.

అలాంటి రోజున అతిథులు రెండు రకాలుగా మారతారు. కొందరు "ఎట్లైనా పోవాలె, దారి చూపియ్యండి" అంటారు. కొందరు "పోలేము, ఇంకో రోజు ఉంచుండ్రి" అంటారు. అప్పటిదాకా బేరం, మర్యాద అనుకున్నవి చాలామటుకు బాకీలోకి వచ్చేస్తాయి. తాగే నీళ్లు, పొయ్యి మీద అన్నం పప్పు, ఫోన్ చార్జింగ్, టార్చి, మందులు అడిగితే లెక్క కట్టకండి. ఇరుక్కుపోయిన మనిషికి గిరాకీ ధర వేయకండి, మామూలు కిరాయి కంటే తక్కువే తీసుకోండి.

గీత మాత్రం ఇంకా గట్టిపడుతుంది. నీళ్లు పారుతున్న కల్వర్టు మీదుగా అడ్డదారి ఉందని తెలిసినా చెప్పకండి. మీరు ఎవరినీ బంధించలేరు, కానీ స్పష్టంగా అనవచ్చు: "కారు కల్వర్టు దాటదు సార్. తెల్లారినంక పోలీసోళ్లు ఏ దారి తెరిస్తే ఆ దారిన పోదురు. రాత్రి ఇక్కడే ఉండండి, కిరాయి సంగతి తర్వాత." ఎవరైనా మొండికేస్తే 112కు ఫోన్ చేసి వాళ్లతోనే మాట్లాడించండి. ఓనర్ మాట వినని మనిషి పోలీసు మాట వింటాడు.

వానాకాలం మొదలయ్యేలోపు పై పోర్షన్‌లో ఒక డబ్బా సిద్ధం చేయండి. నీళ్ల క్యాన్, కొవ్వొత్తులు, టార్చి, ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మాత్రలు, బిస్కెట్లు, 112, 108 నంబర్లతో పాటు దగ్గరి ఆసుపత్రి నంబరు రాసిన కాగితం.

ఈ వారం చేయవలసిన పని

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఇప్పటిదాకా మీ ఇంట్లో దిగినవాళ్లు అడిగిన కోరికలన్నీ గుర్తొచ్చినట్టు రాయండి. చాయ్ నుంచి డీజే దాకా ఏదీ వదలకండి. ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టుకుని, ఒక్కో కోరిక పక్కన బాకీ, మర్యాద, బేరం, గీత అని నాలుగింటిలో ఒకటి రాయండి. ఇంట్లో ఇద్దరికి రెండు అభిప్రాయాలు ఉంటే అక్కడ ఆగండి. అతిథి ఎప్పుడూ ఆ సందులోంచే దూరతాడు. కింద అత్తమ్మ కాదన్నది పైన కోడలు ఒప్పుకుంటే పద్ధతే లేకుండా పోతుంది. వాదించుకుని ఒక మాటకు రండి.

తర్వాత బేరం కింద ఉన్నవాటికి ధరలు వేసి కాగితం తయారు చేయండి. గీత కింద ఉన్నవాటికి ఒక్కొక్క వాక్యం రాసి, గట్టిగా నాలుగుసార్లు చదవండి. నోటికి తిరగని వాక్యం గుమ్మంలో రాదు. బాకీ కింద ఉన్నవాటిలో ఏవి సరిగా లేవో చూడండి. గీజర్, తాళం, ఇన్వర్టర్ బ్యాటరీ, నల్లా కారడం, వాటిని ఈ వారమే బాగు చేయించండి. బాకీలు పక్కాగా తీర్చే ఇంట్లో గీతను ఎవరూ పెద్దగా ప్రశ్నించరు.

చివరగా షార్జాలో ఉన్న ఓనర్‌కు ఈ నోట్‌బుక్ ఫొటోలు పంపండి. తాళాలు పెట్టుకున్న మనిషి ఎంతవరకు సొంతంగా ఖర్చు పెట్టవచ్చో ఆయన చేత ఒక అంకె రాయించుకోండి. ఆ అంకె రాయకపోతే పై పనులన్నీ సగమే అయినట్టు.